క్యాసెట్టుకి పెట్టిన బొట్టు

మా మామ్మ వీడియో గేమ్‌ని చంపలేదు.

ఈ మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మా ఇంట్లో పెళ్లయినా బారసాలయినా, భోజనాలు ముగిసి అందరూ చాపల మీద కూలబడ్డాక ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. మా నాన్న తల్లి పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజనాడు వీడియో గేమ్ క్యాసెట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టిందనీ, ఆ పసుపు లోపలికి పోయి అది చచ్చిందనీ కథ. అందరికంటే బాగా చెప్పేది మా అక్క. కొంగు బొడ్లో దోపుకోవడం, ఉంగరం వేలు కుంకుమలో ముంచడం, క్యాసెట్టుని కళ్లకద్దుకోవడం, అన్నీ మామ్మలాగే చేసి చూపిస్తుంది. "పేణమున్న వస్తువమ్మా, బొట్టు నేకపోతే ఎలగ" అనగానే పిల్లలు పొట్టలు పట్టుకుంటారు. నేనూ పక్కన కూర్చుని నవ్వుతాను. మామ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడ ఎదుటే ఆ కథ చెప్పుకున్నారు. ఆవిడ కూడా నవ్వేది.

పోయిన ఆదివారం విశ్వకర్మ పూజ పడింది. పొద్దుటి నుంచే ఆకాశం నిండా గాలిపటాలు. మా మేనకోడలు కొత్తగా కొన్న స్కూటర్ మీద వాళ్లమ్మని, అంటే మా అక్కని, ఎక్కించుకుని మా ఇంటికి వచ్చింది. అక్క ఒళ్లో తుప్పు పట్టిన రేకు డబ్బా ఉంది. నాన్న పాత పనిముట్ల డబ్బా అది. ఆయన రిటైరై ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు అటక మీది సామాను కొంత అక్క ఇంటికి పోయింది. ఇన్నాళ్లకి ఆ డబ్బా తెరిస్తే స్పానర్ల కింద, పాత బనియను గుడ్డలో చుట్టి, క్యాసెట్టు కనపడిందట.

"ఇదిగోరా, మామ్మ సంపేసిన కేసెట్టు. నీ స్పిరిట్టు దీనికి పని సేస్తాదేమో సూడు" అని బల్ల మీద పెట్టింది.

పాత వీడియో గేమ్ క్యాసెట్లు స్పిరిట్‌తో శుభ్రం చేసి బతికించడం నా ఆదివారాల పని. రైల్వే ఆఫీసులో ఆరు రోజులూ కాగితాల మీద సంతకాలు పెట్టే మనిషికి ఏడో రోజు ఒక చిన్న బొమ్మ కదిలితే చాలు, అదో తృప్తి. ఊళ్లో నా ఈడువాళ్లు అటకల మీంచి దించి నా దగ్గరకి తెస్తుంటారు. హిజ్లీ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో చదివే పిల్లలు కూడా ఒకరిద్దరు వచ్చి వింతగా చూసి వెళ్తారు. కాని ఈ క్యాసెట్టు మళ్లీ నా కంట పడుతుందని అనుకోలేదు. దాన్ని ఆ బనియను గుడ్డలో చుట్టింది నేనే.

"అమ్మా, గుడికి లేటవుతుంది. స్కూటర్‌కి బొట్టు నువ్వే పెట్టేయొచ్చు కదా" అంది మేనకోడలు.

"మనింటి ఆడోళ్ల సెయ్యి మిషన్లకి పడదే తల్లీ. ఇన్నావు కదా మామ్మ ఏటి సేసినాదో. పంతులుగారి సేత పెట్టిద్దుం" అని అక్క నవ్వింది.

ఆ నవ్వు విన్నాక నా చేతిలో క్యాసెట్టు బరువెక్కింది.

నా చిన్నప్పుడు మా క్వార్టర్ ఎర్ర ఇటుకల వరసలో చివరిది. రైలు పెట్టెల షంటింగ్ చప్పుడు మా వంటింటి గిన్నెల దాకా వచ్చేది. వరసలో సగం మంది మావాళ్లే, తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాల్ ఊరికి రైల్వే వర్క్‌షాప్ పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్లు. మిగతావాళ్లు బెంగాలీలు, ఒకటి రెండు ఒడియా ఇళ్లు. పొద్దున సైరన్ మోగే వేళకి గోడల మీదుగా వాసనలు కలిసిపోయేవి. కుంపట్ల పొగ, పక్కింటి ఆవనూనె, మా అమ్మ వేసే ఇంగువ తిరగమోత. సాయంత్రం మరమరాల్లో ఆవనూనె కలిపి, ఉల్లిపాయ కోసి, బోండాలాంటి వేడి ఆలూ చాప్ నలిపి వేసుకుని తినేవాళ్లం. మామ్మకి మాత్రం ఆవనూనె పడేది కాదు. "ఇన్నేల్లయినా ఈ నూనె నాకు సుట్టమవనేదు" అనేది.

మామ్మ పెళ్లై ఈ ఊరు వచ్చిన మనిషి. పుట్టిల్లు సముద్రం ఒడ్డు. పొట్టిగా, గట్టిగా ఉండేది. నోట్లో వక్కపలుకు ఎప్పుడూ ఒక బుగ్గన ఆగి ఉండేది. పని చేసే ప్రతి వస్తువుకీ ప్రాణం ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరికీ చెప్పి ఒప్పించేది కాదు, మనుషులతో మాట్లాడినట్టే వస్తువులతో మాట్లాడేది. కిరసనాయిలు స్టవ్ మొరాయిస్తే "ఏటమ్మా, ఒంట్లో బాగునేదా" అని అడిగేది. వాటన్నిటికీ కలిపి ఆవిడ పెట్టిన పేరు ఇనపోళ్లు.

విశ్వకర్మ పూజ పొద్దున వరండాలో చాప పరిచి ఇనపోళ్లందరినీ వరసగా కూర్చోబెట్టేది. స్టవ్, ఇస్త్రీపెట్టె, కుట్టుమిషన్, రేడియో, నాన్న సైకిల్, అక్క జామెట్రీ బాక్సులో కంపాసు. పొడిగుడ్డతో తుడిచేది. చిటికెడు పసుపు వేలితో రుద్ది, దాని మీద ఉంగరం వేలితో కుంకుమ అద్దేది. అంతా పొడిగానే. మిగతా దేవుళ్లకి గంధం తీసేది గాని వీటికి తీసేది కాదు.

"తడి తగలకూడదురా. ఇనపోల్లకి తడంటే పడదు. పైనే పెట్టాల, పొడిగా పెట్టాల."

బొట్టు పెట్టాక వేలి కణుపుతో వస్తువుని మెల్లగా తట్టి, "మరి పనికెల్లు" అనేది. అలా ఒక్కొక్కదానికీ చెప్పి పంపేది. ఆ మాట విన్నాక రేడియో గొంతు స్పష్టంగా వచ్చేదని నేను ఒట్టేసి చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అది అబద్ధమని పూర్తిగా అనలేను.

వీడియో గేమ్ మా ఇంటికి ఒక ఏడాది దుర్గాపూజ బోనస్‌తో వచ్చింది. నాన్న గోల్‌బజార్ నుంచి సైకిల్ క్యారియర్‌కి కట్టి తెచ్చాడు. వర్క్‌షాప్‌లో ఫిట్టర్ కాబట్టి ఆ అట్టపెట్టెని ఇంజన్ విప్పినంత శ్రద్ధగా విప్పాడు. వైర్లు టీవీకి తగిలించాడు. క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు.

టీవీలో సముద్రం వచ్చింది.

పసుపురంగు తొడుగు వేసుకున్న ఒక చిన్న మనిషి పడవ మీంచి నీళ్లలోకి దూకుతాడు. కిందికి పోయేకొద్దీ నీలం ముదురుతుంది. చేపలు ఎదురొస్తాయి. ఇంకా కిందికి పోతే అడుగున ఒక ఊరు, ఆ ఊళ్లో దీపాలు. పట్టాలూ బొగ్గుపొడీ ఎర్రమట్టీ తప్ప ఎరగని నాకు ఆ నీలం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. నా బొటనవేలు కదిపితే సముద్రంలో మనిషి కదులుతున్నాడు. నోరు తెరుచుకుని ఉండిపోయాను. పక్కన నాన్న నోరు కూడా తెరుచుకునే ఉంది.

గుమ్మానికి ఆనుకుని కూర్చున్న మామ్మ వక్కపలుకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చింది. తర్వాత, "మా ఊరి సంద్రం ఇలగే ఉంటాది. కాని దీనికి వాసన నేదు" అంది.

ఆ రోజు నుంచి సాయంత్రం దీపం పెట్టగానే "సంద్రం ఎట్టరా గుంటడా" అనేది. నాకు ఆట కావాలి, ఆవిడకి నీళ్లు కావాలి. నేను చేపల వెంట పడితే, "ఆగరా, ఎందుకలగ పరుగులు. కొంచెంసేపు ఊరికే ఉండు" అనేది. నేను బొటనవేలు తీసేసేవాణ్ణి. పసుపు మనిషి నీళ్లలో ఊగుతూ నిలబడేవాడు. ఆవిడ చూస్తూ ఉండేది. పుట్టింటికి వెళ్లి ఎన్నాళ్లయిందని ఆవిడని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

క్యాసెట్లకి తరచు జబ్బు చేసేది. తెర మీద గీతలు, లేకపోతే ఉత్త బూడిదరంగు. వరసలో పిల్లలందరం వైద్యులమే. క్యాసెట్టు అడుగున సన్నటి బంగారు రేకులు వరసగా ఉంటాయి. మిషన్‌కి తగిలేవి అవే. మేం వాటిని బంగారు పళ్లు అనేవాళ్లం. పని చేయకపోతే అందులోకి ఊదాలి. ఒకడు వేణువు ఊదినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఊదేవాడు. ఒకడు అద్దం మీద ఆవిరి పట్టినట్టు 'హా' అని వదిలేవాడు. పక్కింటి బెంగాలీ కుర్రాడైతే నాలుకతో నాకి చొక్కాకి తుడిచేవాడు, "ఉప్పగా ఉంటే బాగుంది, చప్పగా ఉంటే పోయింది" అని పరీక్ష కూడా చెప్పేవాడు. ఊదిన తడి ఆ రేకుల్ని తినేస్తుందని మాకెవరు చెప్పారు. మా ప్రేమతోనే సగం క్యాసెట్లని పాడుచేశాం.

అక్క పద్ధతి వేరు. ఊదేది కాదు. పెన్సిల్ తుడిచే తెల్ల రబ్బరుతో ఆ పళ్లని మెల్లగా తోమేది. రబ్బరు పొడి దులిపి పెడితే చాలాసార్లు పని చేసేది. కాని ఊదడంలో ఉన్న గొప్ప రబ్బరులో లేదని మేం అక్కని లెక్కచేయలేదు.

ఆ మరుసటి విశ్వకర్మ పూజకి నాన్న నన్ను మొదటిసారి వర్క్‌షాప్‌లోకి తీసుకెళ్లాడు. ఏడాదిలో ఆ ఒక్కరోజు గేట్లు ఇంటివాళ్లకి తెరుస్తారు. రోజూ సైరన్‌గా మాత్రమే నాకు తెలిసిన చోటు అది. లోపల కప్పు ఎంత ఎత్తంటే పావురాలు దాని కింద ఊరు కట్టుకున్నాయి. చప్పుడు లేదు. అంత పెద్ద ఇనుము అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. చక్రాలు నాకంటే ఎత్తు. గొలుసులకి బంతిపూలు. ఇంజన్ నుదుట పసుపు. కిచుడీ ఉడుకుతున్న వాసన, ధూపం, గ్రీజు, అన్నీ ఒకే గాలిలో. మనుషులు చెప్పులు విప్పి నడుస్తున్నారు. నేనూ విప్పేశాను. నేల మీద నూనె చల్లగా పాదాలకి తగిలింది. ఇది గుడి కాదని చెప్పడానికి నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు.

నాన్న పక్క మిషన్ మీద పనిచేసే ముసలి బెంగాలీ మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. పిల్లలం దాదు అని, అంటే తాత అని, పిలిచేవాళ్లం. మావాళ్ల మధ్య పనిచేసి ఆయన తెలుగు కూడా మా తెలుగే అయింది. ఆయన తన మిషన్‌కి పూజ చేస్తున్నాడు. తడి గంధం వేలితో తీసి, ఇనుమును కోసే మొన మీద, సరిగ్గా ఆ మొన మీదే పెట్టాడు.

"కీ రే ఖోకా, ఏరా బాబూ, అలగ సూస్తన్నావేటి?" అన్నాడు.

"మా మామ్మ పైన పెడతాది దాదూ."

"పైన పెడితే దాని వీపుకి పెట్టినట్టు. ఇది కాజ్, పని, ఎక్కడ సేస్తాది? ఇక్కడ. మరి ఇక్కడ కదా పెట్టాల."

మామ్మ ఇన్నేళ్లూ ఇనపోళ్ల వీపులకే బొట్లు పెట్టిందన్న మాట. ఆ పొద్దున చాప మీద క్యాసెట్టు కూడా కూర్చుంది. దాని బొమ్మ కాగితం మీద, పడవ పక్కన, మామ్మ చిన్న బొట్టు పెట్టింది. కాని అది పని చేసేది బొమ్మతోనా? పళ్లతో కదా.

"దాదూ, నాకు కొంచెం గంధం కావాల. ఇంటికాడ మిషనున్నాది."

"ఏ మిషను?"

"సంద్రం మిషను."

ఆయన నవ్వి, విస్తరి కుట్టే సాల్ ఆకులో గంధం ముద్ద పెట్టి మడిచి ఇచ్చాడు. కిచుడీ ఒక చేత్తో తింటూ, ఆ పొట్లాన్ని రెండో చేత్తో జేబు మీద నొక్కి పట్టుకుని ఇంటికి వచ్చాను.

మధ్యాహ్నం మామ్మ వరండాలో కునుకు తీస్తోంది. పిల్లలంతా గాలిపటాల వెనక ఉన్నారు. నేను క్యాసెట్టు తీసుకుని లోపలికి వెళ్లి, తలకిందులు చేసి, ఉంగరం వేలితో ఒక్కొక్క బంగారు పంటికీ గంధం పెట్టాను. అది అల్లరి కాదు. నా జీవితంలో అంత భక్తిగా నేను ఏ పనీ చేయలేదు. సముద్రం ఇంకా లోతవుతుందనీ, అడుగున ఉన్న ఊరికి ఈసారి తప్పక చేరతాననీ నమ్మాను. "మరి పనికెల్లు" అని వేలి కణుపుతో తట్టి కూడా చెప్పాను.

సాయంత్రం దీపం పెట్టారు. నాన్న, అమ్మ, అక్క అందరూ ఉన్నారు. మామ్మ గుమ్మానికి ఆనుకుని, "సంద్రం ఎట్టరా" అంది. నేను పెట్టాను. బూడిదరంగు వచ్చింది. తర్వాత పిచ్చి గీతలు. తర్వాత నలుపు. తీసి ఊదాను. ఊదినకొద్దీ గంధం ఇంకా లోపలికి పోయిందని ఇప్పుడు తెలుసు. నాన్న నా చేతిలోంచి తీసుకుని వెలుగులో చూశాడు. పళ్ల మధ్య ఎండి పసుప్పచ్చగా ఉంది.

"అమ్మా, నీ పసుపు లోపలికి పోనాదే" అన్నాడు.

"నేను పైనే కదరా పెట్టినాను. పొడిదే" అంది మామ్మ. తర్వాత తన ఉంగరం వేలు చూసుకుంది. "ఏమో. రాలినాదేమో."

నాన్న కోప్పడలేదు. కోప్పడి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. "పోనీలే" అన్నాడు. అప్పుడే అక్క, "మామ్మ బొట్టెట్టి మరీ సంపేసినాది" అంది. అమ్మ నవ్వింది, నాన్న నవ్వాడు, చివరికి మామ్మ కూడా నవ్వింది. దాక్కోవడానికి నవ్వంత సుఖమైన చోటు ఇంకోటి ఉండదు. నేనూ అందులోకి దూరిపోయాను.

నాన్న కాటన్ వేస్టు కిరసనాయిలులో ముంచి పైపైన తుడిచి చూశాడు. అంటుకున్నది ఇంకా గట్టిపడింది తప్ప లాభం లేదు. అక్క రబ్బరు పట్టుకొచ్చింది. "ఇలగివ్వరా, తోమి సూస్తాను."

"నా కేసెట్టు. నువ్వు ముట్టుకోకు" అన్నాను. దగ్గరగా చూస్తే గంధం వాసన పట్టేస్తుందని భయం. ఆ రాత్రి గడవకముందే దాన్ని బనియను గుడ్డలో చుట్టి నాన్న డబ్బా అడుగుకి తోసేశాను. చచ్చిపోయినదాని కోసం ఎవరూ వెతకలేదు. తర్వాత వేరే క్యాసెట్లు వచ్చాయి. మోటార్ సైకిళ్లు, ట్యాంకులు, కోతులు. సముద్రం మళ్లీ రాలేదు. మామ్మ మళ్లీ అడగలేదు.

ఇంతవరకే అయితే చిన్నతనం అనుకోవచ్చు.

మరుసటి ఏడు పూజ పొద్దున చాప పరిచారు, ఇనపోళ్లు వచ్చి కూర్చున్నారు. మామ్మ కుంకుమభరిణె తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "నువ్వెట్టమ్మా. నా సెయ్యి ఈల్లకి పడనేదు." అమ్మ ఏదో సరదా అనుకుంది. "అదేటత్తా, ఒక బొమ్మ పోతే ఏటి" అంది. మామ్మ నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి పులిహోరకి చింతపండు పిసుకుతూ కూర్చుంది. అమ్మ ఆ ఏడాది భయం భయంగా పెట్టింది. తర్వాత నాన్న సైకిల్ గుడికి వెళ్లడం మొదలుపెట్టింది. చాప పరవడం ఆగిపోయింది. స్టవ్ మొరాయించినప్పుడు కూడా మామ్మ దానితో మాట్లాడటం నేను మళ్లీ వినలేదు. తన చెయ్యి తగిలితే ఇంకా పాడవుతుందేమోనని కాస్త దూరంగా జరిగేది.

నాకు ఉద్యోగం వచ్చి మోటార్ సైకిల్ కొన్నాను. మామ్మ అప్పటికి బాగా వంగిపోయింది. కుంకుమ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. "నువ్వే పెట్టాల" అన్నాను.

ఆవిడ బండిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. కళ్లలో ఎంత ఇష్టం కనపడిందో చెప్పలేను. చెయ్యి కొంచెం లేచింది కూడా. మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"వద్దు నాయినా. కేసెట్టయితే పోనాది, నవ్వుకున్నాం. దీని మీద నువ్వు ఎక్కుతావు. నా సేతి బొట్టెట్టినాక నీకేటైనా అయితే నేను బతకలేను."

అప్పుడు చెప్పాలి. చిన్నపిల్లాణ్ణి కాను, భయపడటానికి ఏమీ లేదు, ఒక్క వాక్యం చాలు. "మామ్మా, అది నీ పసుపు కాదు, నా గంధం." నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత చెబితే ఏమనుకుంటుందో అని సిగ్గుపడ్డాను. "సర్లే" అని బండి గుడికి తోలుకుపోయాను. తర్వాతి వానాకాలంలో ఆవిడ పోయింది. తన చెయ్యి మంచిది కాదని నమ్మే పోయింది.

ఇదంతా పోయిన ఆదివారం బల్ల ముందు కూర్చుని తలచుకున్నాను. మేనకోడలు ఎదురు కుర్చీలో, అక్క మంచం మీద ఉన్నారు. గుడికి ఇంకా బయల్దేరలేదు. "ఊదవేం మామా" అని మేనకోడలు అడిగింది. "ఊదకూడదు" అని, స్క్రూలు తీసి డొక్క విప్పాను.

లోపల ఆకుపచ్చ పలక. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను. అడుగున పళ్లు, వాటి మధ్య పాత మన్నులా గట్టిపడ్డ పూత. డొక్క మీద బొమ్మ కాగితం వెలిసిపోయింది గాని పడవ పక్కన మామ్మ బొట్టు అలాగే ఉంది. చుట్టూ పసుపు, మధ్య కుంకుమ. అంచు కూడా చెదరలేదు. రాలితే అంచు చెదరాలి కదా. దాన్ని చూశాక నా మౌనం ఇక నిలవలేదు.

"అక్కా, వంటింట్లోంచి చిటికెడు పసుపు తే."

"పూజ సేస్తావేటి మళ్లీ" అని నవ్వుతూనే తెచ్చింది.

దూది పుల్ల స్పిరిట్‌లో ముంచి ఆ పసుపు మీద అద్దాను. దూది ఒక్క క్షణంలో బంతిపువ్వు రంగుకి తిరిగింది. "స్పిరిట్టు తగిలితే పసుపు ఇలగవుతాది. సూడు" అన్నాను. ఇంకో పుల్ల ముంచి బంగారు పళ్ల మీద, పంటి వెంటే పైనుంచి కిందికి, మెల్లగా రుద్దాను. ఆరనిచ్చి మళ్లీ రుద్దాను. దూది మురికి పట్టింది, నల్లగా, మట్టిరంగుగా. పసుప్పచ్చ చాయ మాత్రం ఎక్కడా రాలేదు. పుల్ల అక్క ముక్కు దగ్గర పెట్టాను.

స్పిరిట్ ఘాటు పోయేదాకా పట్టుకుంది. తర్వాత ముక్కుకి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. ఉందో లేదో అన్నంత వాసన.

"గంధం" అంది. "మామ్మ ఇనపోల్లకి గంధమెట్టదు కదరా. తడి."

"పెట్టదు."

"మరెవులు పెట్టినారు?"

"నేను."

మొత్తం చెప్పాను. దాదు, సాల్ ఆకు, మధ్యాహ్నం, డబ్బా, మోటార్ సైకిల్. మేనకోడలు ఫోన్ పక్కన పెట్టేసింది. అక్క ఆ పుల్లని వేళ్ల మధ్య తిప్పుతూ వింది.

"ఎన్ని పెల్లిల్లలో సెప్పినానురా ఆ కథ" అంది చివరికి. "మామ్మనాగ కూకోని, మామ్మనాగ మాటాడి. నువ్వు పక్కనుండి నవ్వినావు. ఒక్కపాలైనా నా నోరు మూయలేకపోనావు."

అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆ కథ విన్నవాళ్లు ఇది కూడా వింటారని.

చేతులు ఖాళీగా ఉంచలేక పని ముగించాను. అక్క తన బ్యాగులోంచి ఒక తెల్ల రబ్బరు తీసింది. స్కూలు టీచరు కదా, ఎప్పుడూ ఉంటుంది. నా చేతిలోంచి పలక తీసుకుని, అప్పుడు నేను చేయనివ్వని పని ఇప్పుడు చేసింది. పళ్ల మీద తేలిగ్గా, ఒకే వైపుకి, పొడి దులుపుకుంటూ. బంగారం మెల్లగా బయటికి వచ్చింది. అది ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లూ ఆ మట్టి కింద అలాగే ఉంది.

డొక్క బిగించి పాత మిషన్‌లో పెట్టాను. మీట నొక్కాను.

సముద్రం వచ్చింది.

అదే నీలం. ఇప్పటి పిల్లలు చూసే బొమ్మల ముందు అది నాలుగు చదరపు చుక్కలు. కాని మేనకోడలు కుర్చీ ముందుకి జరుపుకుంది. పసుపు మనిషి పడవ మీంచి దూకాడు. నేను అలవాటుగా చేపల వెంట పోబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. కొంచెంసేపు ఊరికే ఉండు."

బొటనవేలు తీసేశాను. నీళ్లలో ఆ మనిషి ఊగుతూ నిలబడ్డాడు. మేం ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. గుమ్మం వైపు తల తిప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

కొంతసేపటికి అక్క లేచి, దేవుడి గూట్లోంచి పసుపు, కుంకుమ తీసుకుని బయటికి నడిచింది. మేనకోడలు, "గుడికి వెళ్లొద్దా అమ్మా" అంటూ వెనకే వెళ్లింది. నేనూ వెళ్లబోతే అక్క మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది.

"నువ్వు మాత్రం దూరంగుండు" అంది. కళ్లు తడిగానే ఉన్నాయి.

స్కూటర్‌ని పొడిగుడ్డతో తుడిచింది. చిటికెడు పసుపు రుద్దింది. ఉంగరం వేలు కుంకుమలో ముంచింది. ఆ వేలు గాలిలో కాసేపు ఆగింది, కథ చెప్పేటప్పుడు ఎన్నోసార్లు ఆగిన చోటే. ఈసారి ఎవరూ నవ్వలేదు. బొట్టు పెట్టింది, పైన, పొడిగా. తర్వాత వేలి కణుపుతో దాన్ని మెల్లగా తట్టి, "మరి పనికెల్లు" అంది.